స్కీము డబ్బుతో రోబో చెయ్యబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య దీవెనలు.

ప్రభుత్వ స్కీముకి అప్లికేషన్ పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం, తప్పకుండా పెట్టు. కాకపోతే మూడేళ్లలో ఇన్ని పేటెంట్లు తెస్తామని అందులో రాశావట. నా బెంగంతా ఆ వాక్యం గురించే.

చైనాలో ఏం జరిగిందో చూడు. 2015లో 'మేడ్ ఇన్ చైనా 2025' కింద ఎంచుకున్న పది రంగాల్లో రోబోలకీ చోటిచ్చారు. 2020 నాటికి ఏటా లక్ష స్వదేశీ పారిశ్రామిక రోబోలు తయారవ్వాలని మరుసటి ఏడాది లక్ష్యం పెట్టారు. నగరాలు పోటీపడి సబ్సిడీలిచ్చాయి. దాంతో రిడ్యూసర్లూ (మోటారు వేగం తగ్గించి బలం పెంచే గేర్లు), సర్వో మోటార్లూ (కీళ్లని కచ్చితంగా తిప్పే మోటార్లు) విదేశాల నుంచి తెప్పించి, బిగించి, పైన తమ పేరు వేసుకునే కంపెనీలు బోలెడు పుట్టుకొచ్చాయి. నాసిరకం తయారీ మోతాదు మించుతోందని 2016లోనే అక్కడి పరిశ్రమల శాఖ హెచ్చరించింది.

పేటెంట్లదీ అదే కథ. అక్కడ యుటిలిటీ మోడల్ అని ఒక రకం ఉంది. అందులో కొత్తదనం ఎంతో లోతుగా పరీక్షించకుండానే ఇచ్చేస్తారు. దరఖాస్తు పెడితేనే డబ్బులొస్తుంటే ఎవరు ఊరుకుంటారు? చివరికి ఆ దరఖాస్తు సాయం 2021 జూన్ నెలాఖరులోపు ఆపెయ్యమని వాళ్ల పేటెంట్ ఆఫీసే ఆదేశించాల్సి వచ్చింది.

అలాగని సర్కారు సొమ్ము చెడ్డదని కాదు. చైనాలోనే సుజౌ నగరంలో లీడర్‌డ్రైవ్ అనే కంపెనీ హార్మోనిక్ రిడ్యూసర్ మీదే, అంటే రోబో కీళ్లలో వాడే ఒక రకం గేరు మీదే, ఏళ్ల తరబడి కూర్చుంది. దేశంలో రోబోల వాడకం పెరిగేసరికి అలాంటివాళ్లకి గిరాకీ దొరికింది. 2024లో చైనాలో అమర్చిన పారిశ్రామిక రోబోల్లో 57 శాతం అక్కడి కంపెనీలవే.

నువ్వూ ఆ కష్టమైన భాగమే పట్టుకో. భుజం కీలులో ఒక ఆర్క్ మినిట్, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు ప్లే (గేర్ల మధ్య వదులు) ఉన్నా, మీటరు అవతల చేతి కొస దాదాపు 0.3 మిల్లీమీటర్లు తప్పుతుంది. కొత్తలో అందరి గేర్లూ బాగానే ఉంటాయి. బరువు మోస్తూ వేల గంటలు తిరిగాక కొలిస్తే తెలుస్తుంది అసలు సంగతి. స్కీము డబ్బు ముందు అలా తిప్పి కొలిచే టెస్ట్ రిగ్‌కి అడుగు. పేటెంట్ల లెక్క తీసేసి, ఆ కొలతనే లక్ష్యంగా రాయి.

పేటెంట్ వెయ్యొద్దని అనను. సొంత డబ్బుతో ఏటా ఫీజు కట్టి నిలుపుకుంటావా అని నిన్ను నువ్వే అడిగి చూసుకో, అవుననిపించిందే వెయ్యి. సబ్సిడీ లేకపోయినా నీ రోబో కొంటాననే ఫ్యాక్టరీ ఒక్కటైనా ఇప్పుడే వెతుక్కో.

ఖర్చుల పట్టిక ఆదివారం లోపు పంపు. టెస్ట్ రిగ్‌కి ఎంత వేశావో చూసి ఫోన్ చేస్తాను.

మీ మావయ్య