డిస్కుల కాపీ, ముద్రణ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నెలకు సుమారు 600 డీవీడీలు కాపీ చేసి, పైన బొమ్మ ముద్రించి పంపాలి. ఆటోమేటిక్ యంత్రం కొనాలా, లేక డిస్కులు చేత్తో మారుస్తూ ఒకేసారి చాలా కాపీలు తీసే టవర్ సరిపోతుందా? డ్రైవ్ వేగం ఎంత ఎక్కువుంటే పని అంత త్వరగా అవుతుందా?

జవాబు: డ్రైవ్ మీద రాసిన ఎక్స్ అంకెను చూసి మాత్రం కొనకండి. డీవీడీకి 1ఎక్స్ అంటే సెకనుకు 1.385 మెగాబైట్లు. 16ఎక్స్ డ్రైవ్ ఆ వేగాన్ని అందుకునేది డిస్కు బయటి అంచుకు చేరాకే. లోపలి వైపు అందులో సగంకన్నా తక్కువతో మొదలవుతుంది. నిండు 4.7 గిగాబైట్ల డిస్కు రాయడానికి ఆరు నిమిషాలు వేసుకోండి. రాసినదాన్ని మళ్లీ చదివి సరిచూడటానికి ఇంచుమించు మరో ఆరు. ఆ వెరిఫై మానేస్తే సగం సమయం మిగులుతుంది గాని, చెడిపోయిన డిస్కును అందుకున్నవాళ్లే కనిపెట్టాల్సి వస్తుంది. మానకండి.

ఈ లెక్కన రెండు డ్రైవ్‌ల ఆటోలోడర్‌లో, అంటే రోబో చేయి తానే డిస్కులు మార్చే యంత్రంలో, గంటకు పది డిస్కులు, ఆ చేయి డిస్కు మార్చే సమయం కలిపితే ఇంకాస్త తక్కువ. 600కి 60 గంటల పైమాటే. కానీ 100 డిస్కులు పట్టే యంత్రమైతే సాయంత్రం నింపి వెళ్తే తెల్లారేసరికి పని అయిపోతుంది, అంటే నెలకు ఆరు రాత్రులు. 11 కాపీల టవర్ అయితే 55 విడతలు, 11 గంటలు. పన్నెండు నిమిషాలకోసారి ఒక మనిషి డిస్కులు మార్చాలి, ముద్రణ మళ్లీ వేరే పని.

600 డిస్కులూ ఒకటే అయి, రెండు రోజుల్లో కావాలంటే టవర్, పక్కన డిస్కులు తానే తీసుకునే ప్రింటర్ మేలు. ఒక్కో డిస్కులో వేరే ఫైళ్లు, పైన వేరే పేరో నంబరో ఉండాలంటే రోబో చేయి, ప్రింటర్ కలిసున్న యంత్రమే కావాలి. టవర్‌తో ఆ పని జరగదు. ఒకే డిస్కు వేలల్లో కావాలంటే రెండూ వద్దు, ఫ్యాక్టరీలో అచ్చు వేయించండి.

కొనేముందు ఒకటి అడగండి: లోపలి డ్రైవ్ పాడైతే బజారులో దొరికే మామూలు డ్రైవ్ పెట్టుకోవచ్చా, లేక ఆ కంపెనీ ఇచ్చేదే పెట్టాలా? లేజర్ అరిగిపోయే భాగం. సోనీ 2025 ఫిబ్రవరిలో రికార్డబుల్ బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. ఈ రంగం కుంచించుకుపోతోంది కాబట్టి విడి డ్రైవ్‌లు రెండు ముందే కొని పెట్టుకోండి.

ప్రశ్న: డిస్కు పైన ముద్రణకు ఏ ప్రింటర్ మేలు, ఇంక్‌జెట్టా, థర్మలా?

జవాబు: ఫొటోలు, రంగులు కావాలంటే ఇంక్‌జెట్. ఒకే రంగులో అక్షరాలు, లోగో చాలంటే రిబ్బన్ మీది రంగును వేడితో అంటించే థర్మల్. తడి తగిలినా చెదరదు, నెల రోజులు వాడకపోయినా ఏమీ కాదు. ఇంక్‌జెట్‌ను వారాల తరబడి వదిలేస్తే ఇంకు చిమ్మే నాజిల్ ఎండిపోతుంది, దాన్ని శుభ్రం చేయడానికే బోలెడు ఇంకు పోతుంది.

ఇంక్‌జెట్‌లో ఎక్కువమంది చేసే తప్పు లోపలి వ్యాసం దగ్గర, అంటే డిస్కు మధ్యలో ముద్రణ ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పే సెట్టింగు దగ్గర. కొన్ని డిస్కులకు ఇంకు పీల్చుకునే తెల్లపూత మధ్య రంధ్రం దగ్గరిదాకా, అంటే 22 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. కొన్నిటికి 40 దాటాకే మొదలవుతుంది. రెండో రకంపై 22 సెట్టింగుతో ముద్రిస్తే ఇంకు వట్టి ప్లాస్టిక్ మీద పడి ఆరదు. చేయి ఆ తడిని పట్టుకుని తర్వాతి డిస్కుకు అంటిస్తుంది. కొత్త పెట్టె తెరవగానే స్కేలుతో కొలవండి. పూత మీద పడిన ఇంకు కూడా పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది. ఆలోపు కవర్లలో పెట్టకండి.

ప్రశ్న: యంత్రం చేయి ఒకేసారి రెండు డిస్కులు ఎత్తుతోంది. రెండోది ట్రేలో పడి అంతా ఆగిపోతోంది.

జవాబు: చాలాసార్లు లోపం చేతిది కాదు, డిస్కులది. డిస్కు మధ్య భాగాన్ని వేలితో తడిమి చూడండి, సన్నటి గట్టు ఒకటి తగులుతుంది. దొంతరలో డిస్కుకూ డిస్కుకూ ఎడం ఉంచేది అదే. అది పల్చగా ఉన్న చవక డిస్కులు గాజు పలకల్లా అతుక్కుంటాయి. పొడి గాలిలో స్టాటిక్ కరెంటు, తేమలో తెల్లపూత జిగురు, రెండూ దీనికి తోడవుతాయి.

డిస్కులను యంత్రమున్న గదిలో ఒక రోజు ఉంచండి. వేసేముందు పాతికేసి తీసుకుని, అంచులు పట్టుకుని, పేకముక్కల్లా విప్పండి. రెండు కంపెనీల డిస్కులు ఒకే దొంతరలో కలపవద్దు. ట్రేలో రెండు పడితే చేత్తో లోపలికి నెట్టకండి, పళ్లచక్రం విరుగుతుంది. కరెంటు తీసి పై డిస్కును ఎత్తండి.

ప్రశ్న: ప్రింటర్ లేకుండా కాగితం స్టిక్కర్లు అంటిస్తే?

జవాబు: వద్దు. స్టిక్కర్ ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా వేగంగా తిరిగే డిస్కు ఊగుతుంది. పైగా డ్రైవ్ వేడికి అంచు లేచి లోపల చుట్టుకుంటుంది. తప్పక అంటించిన దాన్ని మాత్రం పీకకండి: సీడీలో సమాచారం ఉండేది ఆ పైపూత కిందే, స్టిక్కర్‌తో పాటు అదీ ఊడి వస్తుంది.