ఆ రెండో పేరా గురించి

అమ్మాయికి ఆశీస్సులు.

అమ్మవారి జాతర మీద నువ్వు రాసిన కథ అందింది, రెండుసార్లు చదివాను. చివర్లో నువ్వు అడిగావు చూడు, "సార్, ఇది అచ్చయితే కేసు పెడతారా?" అని, కథకంటే అదే నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది.

కేసు సంగతి ముందు చెప్తాను. మాట్లాడే హక్కుకు రాజ్యాంగం 19(2) అధికరణంలో హద్దులు రాసింది. దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువు నష్టం లాంటివి అందులో ఉన్నాయి. మతం మనోభావాలు అన్న మాట లేదు. అది శిక్షాస్మృతిలో ఉంది. లాహోర్‌లో ఒక పుస్తకం మీద రేగిన గొడవ తర్వాత 1927లో బ్రిటిష్‌వాళ్లు చేర్చిన 295ఎ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299. మూడేళ్ల దాకా జైలు. అయితే తెలియకో, అజాగ్రత్తగానో చేసిన అవమానం దీని కిందికి రాదని, కావాలని, దురుద్దేశంతో చేస్తేనే నేరమని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది.

కాగితం మీద బాగానే ఉంది. కోర్టుకు చేరేలోపు జరిగేదే భయం. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్‌నే చూడు. తిరుచెంగోడు గుడి ఉత్సవం, పిల్లల్లేని భార్యాభర్తల చుట్టూ అల్లిన ఆయన నవల 2010లో వచ్చింది. గొడవ 2014 చివర్లో మొదలైంది. జనవరిలో అధికారులు శాంతి చర్చలని పిలిచి, బేషరతు క్షమాపణ మీద సంతకం చేయించారు. రచయిత మురుగన్ చచ్చిపోయాడని ఆయనే ఫేస్‌బుక్‌లో రాసుకున్నాడు. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు ఆ ఒప్పందం చెల్లదంది. పుస్తకం నచ్చకపోతే పారేయండి, చదవమని బలవంతం లేదంది. కానీ ఏడాదిన్నర పోయింది కదా. అలాంటి పిలుపు నీకొస్తే ఒంటరిగా వెళ్లకు. లాయరు చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

ఇక నీ కథ. జాతరలో అమ్మవారి ఘటం ఊరంతా తిరిగి వాడ మలుపు దగ్గరే వెనక్కి మళ్లిపోతుంది. పసుపునీళ్ల చెంబుతో ముసలమ్మ అలాగే నిలబడిపోతుంది. ఎవరు ఏమన్నా ఆ సీన్‌లో అక్షరం మార్చకు. దానికి కోపం తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోవాల్సిందే.

రెండో పేరాలో మాత్రం, కల్లు ఎక్కువై అమ్మవారు దారి తప్పిందని ఒక జోకు వేశావు. అది నీ జోకు. చెంబు పట్టుకున్న ముసలమ్మ అమ్మవారిని నమ్ముతోంది, ఆ దెబ్బ ఆమెకే తగిలింది. అదే మాట ఆమె నోట పెట్టి చూడు. "తాగి తిరుగుతున్నావే, మా వాడ కనపడలేదా తల్లీ" అని ఆమె తిడితే ఎవరు కాదంటారు? గోల్కొండ చెరసాలలోంచి రామదాసు రాముణ్ణి, ఈ నగలన్నీ ఎవడి సొమ్మనుకున్నావని నిలదీశాడు. మనవాళ్లు భక్తితోనే పాడుకుంటున్నారు.

నేనూ చేశానమ్మా ఈ పని. కుర్రతనంలో పీర్ల పండుగ మీద వెటకారంగా ఒక కథ రాశాను. మా వీధి చివర బట్టలు కుట్టే ఆయన పత్రిక మడిచి పట్టుకుని వచ్చాడు. గొడవ పడలేదు. "నాకు పేరు పెట్టింది ఆ పీరు ముందే సార్" అన్నాడు. టీ తాగి వెళ్లిపోయాడు. ఆ కథను నా సంపుటంలో వేసుకోలేదు. భయంతో కాదు, ఆయనలాంటి మనిషి ఒక్కడూ అందులో లేడని. భయంతో తీసేసినవి వేరే ఉన్నాయి, అవి చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఒక సంపాదకుడు ఫోన్‌లో "ఎందుకొచ్చిన టెన్షన్" అనగానే ఒక పేజీ మొత్తం కొట్టేశాను. కాపీ కూడా ఉంచుకోలేదు.

మార్చాక మళ్లీ పంపు. అన్నట్టు, ఘటం మోసే కుర్రాడు మూడో పేజీ తర్వాత కనపడడు. వెనక్కి మళ్లమన్నప్పుడు వాడి మొహం ఎలా ఉందో నాకు చూడాలనుంది.