సోలార్ పార్కులు ఇన్ని వచ్చినా డీజిల్ ఎందుకు తగ్గలేదు?

అడిగిన ప్రశ్న ఇది: "కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎటు చూసినా సోలార్ ప్యానెళ్లు, గాలిమరలే. అయినా పెట్రోలు బంకుల దగ్గర రద్దీ తగ్గలేదు. మనం నిజంగా చమురు నుంచి బయటపడుతున్నామా? ఇక్కడి పిల్లలకు ఇందులో పని దొరుకుతుందా?"

నేను ఓర్వకల్లు వైపు ఒక సోలార్ ప్లాంటులో మెయింటెనెన్స్ పని చేసినవాణ్ని. ఇంటి దగ్గర బోరు కింద కొద్దిగా సేద్యం కూడా ఉంది. ఆ రెండూ చూసిన అనుభవంతో చెప్తున్నా.

ముందు ఒక విషయం. సోలార్, గాలి కరెంటు పోటీపడేది బొగ్గుతో, చమురుతో కాదు. మన దేశంలో చమురు కాల్చి తీసే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. చమురులో ఎక్కువ భాగం పోయేది లారీలకు, బస్సులకు, బైకులకు, ట్రాక్టర్లకు. గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు మొదలైనంత మాత్రాన హైవే మీద పోయే లారీ తాగే డీజిల్ ఒక్క లీటరు కూడా తగ్గదు. లారీయే మారాలి. మనకు కావలసిన ముడిచమురులో 85 శాతం పైగా బయటి దేశాల నుంచే వస్తోంది కాబట్టి ఎక్కడ యుద్ధం వచ్చినా మనకు టెన్షనే. 1973లో అరబ్ దేశాలు సరఫరా బిగించినప్పుడు పీపా సుమారు 3 డాలర్ల నుంచి కొద్ది నెలల్లోనే 12 డాలర్ల దాకా పోయింది. చమురుతో కరెంటు తీసే దేశాలు చాలావరకు ఆ దెబ్బ తర్వాతే ఆ పని తగ్గించుకుంటూ వచ్చాయి.

అయితే చమురును పూర్తిగా వదిలించుకున్న చోటు ఒకటి మన ఊళ్లలోనే ఉంది. అది బావిగడ్డ.

మా జేజినాయన ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలినవాడు. నాయన కాలానికి ఆయిల్ ఇంజన్ వచ్చింది. దాన్ని స్టార్ట్ చేయడం చిన్న పని కాదు. హ్యాండిల్ తగిలించి, ఒక చేత్తో లివర్ ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో గిరగిరా తిప్పి, చక్రం వేగం అందుకోగానే లివర్ వదలాలి. అదను తప్పితే హ్యాండిల్ ఎదురుతన్నేది, మణికట్టు వాచేది. లీటరు డీజిల్‌లో ఉండే వేడి, కరెంటు లెక్కలో చెప్తే, దాదాపు 10 యూనిట్లు. అందులో ఇంజన్ పనిగా మార్చేది 3 యూనిట్లకు అటూఇటూ, మిగతాదంతా పొగ, వేడి, చప్పుడు. తర్వాత బోర్లకు కరెంటు మోటార్లు వచ్చాయి. 2004లో సేద్యానికి ఉచిత కరెంటు ఇచ్చాక మిగిలిన ఇంజన్లు కూడా కొట్టాల్లో మూలన పడ్డాయి.

ఆ మోటారుకు వచ్చిన కరెంటు ఎక్కడిదంటే, ఎక్కువగా బొగ్గుది. ముద్దనూరు దగ్గరి ఆర్టీపీపీ, అంటే రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంటు, 1994 నుంచి నడుస్తోంది, ఇప్పుడు దాని సామర్థ్యం 1,650 మెగావాట్లు. సీమలో బొగ్గు లేదు, అంతా రైలెక్కి రావాల్సిందే. అంటే మా బావి దగ్గర డీజిల్‌ను తరిమింది సూర్యుడు కాదు, బొగ్గు. ఇప్పుడు అదే తీగ మీదికి సోలార్ వచ్చి చేరుతోంది. మేం మోటారు మార్చలేదు, స్టార్టర్ డబ్బా మార్చలేదు. మాకు తెలిసిన తేడా ఒక్కటే, ఒకప్పుడు అర్ధరాత్రి టార్చ్ పట్టుకుని పాములకు భయపడుతూ పోయి మోటారు వేసేవాళ్లం, ఇప్పుడు పగలు కరెంటు ఇస్తున్నారు. పగలు సోలార్ దండిగా ఉండటం ఇందుకు బాగా కలిసొచ్చింది. ఆటోలు, బస్సులు, లారీల విషయంలోనూ జరగాల్సింది ఇదే. ముందు పని తీగ మీదికి రావాలి, ఆ తీగకు కరెంటు ఎక్కడినుంచి వస్తుందన్నది తర్వాత మార్చుకోవచ్చు. తిరుమల ఘాట్ రోడ్డులో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు 2022 నుంచే తిరుగుతున్నాయి. బరువైన లారీలు, ట్రాక్టర్ల దగ్గరే ఆలస్యం అవుతుందని నా అంచనా.

ఇక మెగావాట్ల లెక్క. పేపర్లో వెయ్యి మెగావాట్లు అని చదివి రోజంతా వెయ్యి వస్తుందనుకుంటారు. ఒక మెగావాట్ సోలార్ మన ఎండకు ఏడాదిలో ఇచ్చేది సుమారు 17 లక్షల యూనిట్లు. అదే ఒక మెగావాట్ బొగ్గు ప్లాంటు ఆగకుండా బాగా నడిస్తే 60, 70 లక్షలు ఇస్తుంది. ఇంకో తమాషా, ఎండ మండే మేలో ప్యానెల్ మన ఊహకు తగ్గట్టు పనిచేయదు. దాని రేటింగ్ 25 డిగ్రీల దగ్గర చూసింది. ఆపైన ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పడిపోతుంది, మధ్యాహ్నం ప్యానెల్ వేడి 60 దాటుతుంది. పైన దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు, వానలేని నెలల్లో కడగకపోతే మీటరు చూస్తేనే తెలిసిపోతుంది.

అసలు తలనొప్పి సాయంత్రం. నాలుగు దాటితే ప్యానెళ్లు జారిపోతాయి, ఆరున్నరకు సున్నా. సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు మొదలు. అందుకే బొగ్గు యూనిట్లను పగలు పూర్తిగా ఆపరు, వాటి సామర్థ్యంలో 55 శాతానికి దించి ఉంచుకుని సాయంత్రం పెంచుతారు. గాలి కొంత ఆదుకుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉరవకొండ వైపు మరలు జోరుగా తిరుగుతాయి, మబ్బులతో సోలార్ తగ్గే కాలం కూడా అదే. మిగతా నెలలకు నిల్వ కావాలి. పాణ్యం మండలం పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ఇందుకే. పగటి మిగులు కరెంటుతో కింది రిజర్వాయరు నీళ్లు పైదానికి ఎత్తుతారు, సాయంత్రం వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఇంటి మీద ట్యాంకు నింపుకున్నట్టే, కాకపోతే ఎత్తడంలో, దించడంలో కలిపి ఐదో వంతుకు అటూఇటూగా కరెంటు పోతుంది. నీళ్లు మాత్రం అవే తిరుగుతుంటాయి, ఆవిరైనంత మళ్లీ నింపితే చాలు.

ఉద్యోగాల మాటకొస్తే, కొంచెం చేదుగానే చెప్పాలి. పార్కు కట్టేటప్పుడు ఊళ్లకు ఊళ్లే కూలికి పోతాయి. నడిచేటప్పుడు మిగిలేవి కాపలా, గడ్డి కోయడం, ప్యానెళ్లు కడగడం. గొర్రెలు మేపుకునేవాళ్లకు బీళ్లు పోయాయి, వాళ్లకు ఈ లెక్కల్లో చోటు లేదు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసినవాళ్లకు మాత్రం దారి ఉంది. ప్యానెళ్ల కరెంటును తీగకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్ ట్రిప్పయితే కారణం చదవడం, థర్మల్ కెమెరాతో వేడెక్కిన ప్యానెల్ పట్టుకోవడం, ప్లాంటు మొత్తాన్ని ఒకేచోట చూపించే స్కాడా స్క్రీన్ చూడటం వచ్చినవాడికి ఏ ప్లాంటులోనైనా పని దొరుకుతుంది. సోలార్ పనులు నేర్పే కేంద్ర ప్రభుత్వ సూర్యమిత్ర ట్రైనింగు ఎక్కడ జరుగుతోందో కనుక్కోండి. ఇంకొకటి, జీతం చాలాచోట్ల ప్లాంటువాళ్లు ఇవ్వరు, మధ్యలో కాంట్రాక్టరు ఇస్తాడు. చేరేముందే పీఎఫ్ కడతాడా లేదా అడిగి, కాగితం చేతిలో పెట్టుకోండి.