వీధి నిండా అపార్టుమెంట్లు వస్తాయట!

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లాలో ఓ పట్టణ శివారు. అన్నీ విడి ఇళ్లే. అభివృద్ధి ప్రణాళిక మార్చి పెద్ద అపార్టుమెంట్లకు అనుమతిస్తామని నోటీసు వచ్చింది. అభ్యంతరం ఎలా చెప్పాలండీ?

జవాబు: మహారాష్ట్ర ప్రాంతీయ, నగర రచనా చట్టం (1966) 37వ సెక్షన్ నోటీసైతే గడువు నెల రోజులే. లెక్క నోటీసు తేదీ నుంచి, మీ కంటబడిన రోజు నుంచి కాదు. అర్జీ మరాఠీలో రాయించండి. సాత్‌బారా (7/12 భూమి రికార్డు) లేదా ప్రాపర్టీ కార్డు (పట్టణ స్థలం రికార్డు) నకలు జతచేసి, విచారణకు పిలవాలని అందులోనే అడగండి. తేదీతో ముద్ర వేసిన రసీదు లేకుండా కదలొద్దు.

ఊరికే 'మాకొద్దు' అంటే చెల్లదు, లెక్క చూపాలి. 100 ఫ్లాట్లు, ఇంటికి ఐదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు: మొత్తం 67,500 లీటర్లు. అందులో 80 శాతం, అంటే 54,000 లీటర్లు మురుగై తిరిగొస్తుంది. మీ వీధిలో దానికి పైపుందా, సెప్టిక్ ట్యాంకులేనా? రోడ్డును టేపుతో కొలవండి. కాగితం మీద 9 మీటర్లున్నది, కరెంటు స్తంభాలూ కాలువా పోగా ఫైరింజను తిరగనంత ఇరుకు కావచ్చు.

ఇరై, వర్ధా నదుల ఒడ్డునైతే స్థలం వరద నీలిగీత (తరచూ వచ్చే వరద హద్దు), ఎర్రగీతల (అరుదైన పెద్ద వరద హద్దు) లోపలుందేమో జలవనరుల శాఖ మ్యాపులో చూడండి. మా దృష్టిలో అన్నిటికన్నా గట్టి అభ్యంతరం అదే.

తుది ఆమోదం రాష్ట్ర ప్రభుత్వానిది కనుక, నగర రచనా శాఖకూ ఓ ప్రతి పంపండి.