షుగర్ రిపోర్టు చేతికి వచ్చాక

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీవు పంపిన రిపోర్టు చూశాను. పరగడుపున రక్తంలో చక్కెర డెసిలీటరుకు 128 మిల్లీగ్రాములు ఉంది. మధుమేహానికి గీత 126 దగ్గర ఉంది కనుక నీవు దిగులుపడటం సహజమే. అయితే విపరీతమైన దాహం, పదేపదే మూత్రానికి వెళ్లడం, కారణం లేకుండా చిక్కిపోవడం వంటి లక్షణాలు నీకు లేవు కాబట్టి, ఈ ఒక్క అంకెను బట్టి జబ్బు ఉందని తేల్చరు. ఆ లక్షణాలు ఉండి, ఏ వేళలో పరీక్షించినా 200 గానీ అంతకు మించి గానీ వచ్చినవారికి మాత్రం రెండో పరీక్ష దాకా ఆగరు. నీవు మరోసారి పరీక్ష చేయించుకోవాలి. వాయిదా మాత్రం వేయకు.

దానికి ముందు కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకు. జ్వరం వచ్చినప్పుడు, స్టెరాయిడ్ మందులు వాడుతున్నప్పుడు చక్కెర పెరుగుతుంది కనుక అటువంటిదేమైనా ఉంటే డాక్టరుగారికి ముందే చెప్పు. ఇంట్లోని గ్లూకోమీటర్ చికిత్సలో ఉన్నవారికి ఎంతో మేలు చేస్తుంది గానీ నిర్ధారణకు సరిపోదు. ల్యాబులో ఏళ్ల తరబడి పనిచేసినవాడిగా ఇంకొకటి చెబుతాను: తీసిన రక్తాన్ని పరీక్షించకుండా గంటల కొద్దీ ఉంచేస్తే, రక్తకణాలు అందులోని గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి, అంకె తగ్గి కనిపిస్తుంది. అందుకే ల్యాబుకు వెళ్లి అక్కడే రక్తం ఇవ్వడం మంచిది.

హెచ్‌బీఏ1సీ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది, 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం. పరగడుపున ఉండనక్కరలేదు కనుక అందరూ దీనికే మొగ్గు చూపుతారు. కానీ ఇది హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజును కొలిచే పరీక్ష. ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే ఫలితం ఉన్నదానికంటే ఎక్కువగా రావచ్చు. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవారికీ దీన్ని నమ్మడానికి లేదు. నీకు రక్తహీనత ఉంది కాబట్టి, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చేసే పరీక్ష గురించి డాక్టరుగారిని అడుగు. అందులో 200 గానీ అంతకు మించి గానీ వస్తే మధుమేహం, 140 నుంచి 199 వరకు దానికి ముందు దశ. మామూలు భోజనం తర్వాత చేసే పరీక్షను దీనితో పోల్చకు.

రెండు పరీక్షలు రెండు రకాలుగా చెబితే, హద్దు దాటినదాన్నే మళ్లీ చేస్తారు. ఈసారి పరగడుపు అంకె 100కు, 125కు మధ్య వచ్చినా రిపోర్టును పక్కన పడేయకు. బరువు తగ్గించుకుని, రోజూ నడుస్తూ, ఏడాదికొకసారి పరీక్ష చేయించుకో.

నీ పెదనాన్న