ఆఖరి భాగం ఎప్పుడొస్తుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పుస్తకాల గురించి అడిగే ఈ శీర్షికకు ఈసారి విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే బాధ చుట్టూ తిరుగుతున్నాయి. మొదలుపెట్టిన పెద్ద కథ ముగియడం లేదు. అందుకని మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు దాచి, చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తాను. ఇంజనీరింగ్‌లో ఉండగా సీనియర్ ఒకాయన 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' అనే ఇంగ్లీషు ఫాంటసీ కథ మొదటి భాగం చేతిలో పెట్టాడు. ఉద్యోగంలో చేరాక నైట్ షిఫ్టు దిగి వచ్చి, నిద్ర మానేసి మిగతా భాగాలు చదివాను. అయిదోది 2011లో వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళి కూడా కాలేదు. ఇప్పుడు మా అమ్మాయి ఏడో తరగతి. ఆరో భాగం ఇంకా రాలేదు. పుస్తకంలోనే చదవాలని టీవీలో వచ్చిన ముగింపు కూడా చూడలేదు. మా ఆవిడేమో ఆ పుస్తకాలన్నీ పాత పేపర్లవాడికి ఇచ్చేయమంటోంది. రచయిత మీద పట్టరాని కోపం వస్తోంది. ఇలా కోపం రావడం తప్పా? పుస్తకాలు ఇచ్చేయనా?
- ఒక పాఠకుడు, ఉక్కునగరం

జవాబు: కోపం రావడం తప్పు కాదండీ. మీరు కొన్నవి అయిదు పుస్తకాలైనా కథ ఒక్కటే. మొదటి భాగం అమ్మినప్పుడే ఆఖరి భాగం ఉంటుందని మాట ఇచ్చినట్టు. ఆ మాట నమ్మి మీరు డబ్బు పెట్టారు, నిద్ర పాడుచేసుకున్నారు, ఆ వంశాల పేర్లూ కోటల పేర్లూ ఇన్నేళ్ళుగా బుర్రలో మోస్తున్నారు. అదేమీ చిన్న సంగతి కాదు.

అల్లిపురంలో మా అద్దె పుస్తకాల షాపు నడిచిన రోజుల్లో నేనొక నియమం పెట్టుకున్నాను. అన్ని భాగాలూ అరలో ఉంటే తప్ప మొదటి భాగం ఎవరికీ అద్దెకు ఇచ్చేదాన్ని కాదు. వారపత్రికల్లో సీరియల్ పేజీలు విడదీసి, వరసగా పేర్చి బైండు చేయించేవాళ్ళం. బైండింగ్ నుంచి రాగానే నేను ముందు చివరి పేజీ తిప్పి 'సమాప్తం' అని ఉందో లేదో చూసేదాన్ని. మధ్యలో ఒక్క వారం పేజీలు తగ్గినా పూర్ణా మార్కెట్ వైపు పాత పేపర్ల కొట్లలో ఆ సంచిక కోసం వెతికించేదాన్ని. సగం కథ ఇంటికి పట్టుకెళ్ళిన మనిషి మర్నాడు నేను షటర్ ఎత్తకముందే వచ్చి నిలబడేవారు. ఆ మొహం చూస్తూ 'తరువాయి లేదండీ' అని చెప్పడం నా వల్ల అయ్యేది కాదు. అందుకే మీ కోపం నాకు బాగా అర్థమవుతుంది.

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఈ కథను మొదట మూడు పుస్తకాల్లో ముగిద్దామనుకున్నారు. మొదటిది 1996లో, మూడోది 2000లో వచ్చాయి. ఆ వేగం చూసిన ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. తర్వాత నాలుగోదానికి 2005 వచ్చింది, అయిదోదానికి 2011. లెక్క మూడు నుంచి ఏడుకు పెరిగింది. 2016 జనవరిలో ఆయనే, ఆరో భాగం అనుకున్న గడువుకు పూర్తి చేయలేకపోయానని బహిరంగంగా రాశారు. టీవీ వాళ్ళు తమ దారిన తాము 2019లో ముగించేశారు.

దీన్ని బద్ధకం అని తిట్టేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆ పుస్తకాల్లోనే జవాబు కనిపిస్తుంది. మొదటి భాగంలో, తొలి అధ్యాయం వదిలేస్తే, కథంతా 8 మంది కళ్ళతో నడుస్తుంది. అయిదో భాగానికి వచ్చేసరికి మొదటి, చివరి అధ్యాయాలు కాకుండానే ఆ సంఖ్య 16. ఒక్కొక్కరు ఒక్కో సముద్రానికి అవతల. మూడో భాగం తర్వాత కథను అయిదేళ్ళు ముందుకు దూకించాలనుకున్నారు, పిల్లల పాత్రలు కాస్త పెద్దవాళ్ళవుతారని. కొంత రాసి చూశాక అది కుదరక వదిలేశారు. ఆ అయిదేళ్ళలో జరిగింది కూడా రాయాల్సి వచ్చింది. నాలుగో పుస్తకం ఒక అట్టలో పట్టనంత పెరిగితే, పాత్రల్ని రెండు జట్లు చేసి సగం మందిని అందులో, మిగతావాళ్ళని అయిదోదాంట్లో పెట్టారు. మీకు గుర్తుండే ఉంటుంది, నాలుగో భాగం తెరిస్తే మనకు ఇష్టమైనవాళ్ళు సగం మంది కనబడరు. పైగా అచ్చయిన భాగాన్ని వెనక్కి తీసుకుని దిద్దే వీలు లేదు. 1996లో వేసిన ముడిని ఈనాటి పుస్తకంలో విప్పాలి, అదీ కోట్లమంది చూస్తుండగా.

మన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి వరసగా పన్నెండు జానపద సీరియళ్ళు రాశారు. మాంత్రికులు, భూతాలు, శిథిలాలయాలు, ఎగిరే వింతలు, అన్నీ ఉన్నాయి. ఆయన పేరు కూడా వేసేవారు కాదు. కానీ పన్నెండిటికీ ముగింపు ఉంది. నెలకు ఇన్ని పేజీలు అని పత్రిక గిరి గీసింది, ఒకటి ముగిస్తే గానీ రెండోది మొదలవదు. కొడవటిగంటి కుటుంబరావు గారిలాంటి పెద్దమనిషి పక్కనే ఉన్నారు. ప్రపంచమంతా అమ్ముడుపోయే రచయితకు 'ఇక కొత్త పాత్ర వద్దు, ఉన్నవాళ్ళను ఒడ్డుకు చేర్చండి' అని చెప్పే మనిషి ఉండడం కష్టం. నా కోపమంతా అక్కడే. గిరి గీయాల్సినవాళ్ళు గీయలేదు.

2009లో ఒక పాఠకుడు మీలాగే అడిగితే నీల్ గైమన్ అనే ఇంగ్లీషు రచయిత, మార్టిన్ మీ కింద పనిచేసే మనిషి కాదని గట్టిగానే జవాబు రాశారు. నిజమే. ఆయన క్రికెట్టో ఫుట్‌బాలో చూస్తుంటే 'వెళ్ళి రాసుకో' అనే హక్కు మనకు లేదు. 1948లో పుట్టిన పెద్దాయన, ఆరోగ్యం గురించి ఎత్తిపొడవడం మర్యాద కూడా కాదు. కానీ ప్రచురణకర్తల దగ్గర మనకు రావలసిన బాకీ ఒకటుంది. అట్ట మీద స్పష్టంగా వేయాలి: ఇది ఎన్నో భాగం, మొత్తం ఎన్ని అనుకుంటున్నారు, ఇప్పటికి ఎన్ని వచ్చాయి, కథ పూర్తయిందా లేదా. బిస్కెట్ ప్యాకెట్ మీద ఉన్నంత సమాచారం అయినా పుస్తకం మీద ఉండొద్దా?

పుస్తకాలు ఇచ్చేయకండి. తీరిక చేసుకుని మొదటి మూడూ మళ్ళీ చదవండి. మూడో భాగం చివరికి అయిదుగురు రాజుల యుద్ధం చాలావరకు తేలిపోతుంది. అక్కడ ఆగినా కడుపు నిండుతుంది. మీ ఆవిడ అడుగుతున్నది బహుశా అరలో చోటు. పుస్తకాల్ని అటక మీదకు ఎక్కించండి, ఇద్దరికీ సరిపోతుంది. అమ్మాయికి మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. అందులో ఉన్న హింస, ఇతర విషయాలు ఆ వయసుకు తగినవి కావు.

ప్రశ్న: మేడమ్, మా ఫ్రెండ్ 'ది వీల్ ఆఫ్ టైమ్' చదవమంటోంది, 14 పుస్తకాలట. ఇంకో ఫ్రెండ్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' బాక్స్ సెట్ ఆఫర్‌లో ఉంది, అందులో ఏడు పుస్తకాలున్నాయి, కంప్లీట్ సిరీస్ అంటోంది. ఏది కొనను?
- డిగ్రీ విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: ముందు ఆ ఏడు సంగతి. మన దేశంలో దొరికే ఆ పెట్టెలో ఉన్నది అయిదు భాగాలే. మూడోదీ అయిదోదీ మరీ లావుగా ఉన్నాయని రెండేసి పుస్తకాలుగా విడగొట్టారు. రచయిత అనుకున్న మొత్తం ఏడు భాగాలు, పెట్టెలో ఉన్నది ఏడు పుస్తకాలు, ఈ రెండు ఏడుల మధ్య ఎంతమంది మోసపోయారో. మీ ఫ్రెండ్‌కి కూడా చెప్పండి.

'ది వీల్ ఆఫ్ టైమ్' మాత్రం పూర్తయిన కథ. రాబర్ట్ జోర్డాన్ 1990లో మొదలుపెట్టి 11 భాగాలు రాశాక 2007లో అనారోగ్యంతో చనిపోయారు. పోయేముందు ముగింపు ఎలా ఉండాలో ఇంట్లోవాళ్ళకు చెప్పి, నోట్సు వదిలి వెళ్ళారు. ఆయన భార్య హారియట్ మెక్‌డూగల్ ఎడిటర్ కూడా. ఆవిడే బ్రాండన్ సాండర్సన్ అనే యువ రచయితను పిలిచి పని అప్పగించారు. ఒక్క పుస్తకంలో అవుతుందనుకున్నది మూడయింది, 2013 జనవరిలో కథ ముగిసింది. మధ్యలో, ముఖ్యంగా పదో భాగంలో, కథ నత్తనడక నడుస్తుంది, విసుక్కోకండి. 14 ఒక్కసారి కొనాల్సిన పని లేదు. ముందు మొదటిది మీ కాలేజీ లైబ్రరీలో ఉందేమో అడగండి. చదివి, నచ్చితే రెండోది.

ప్రశ్న: పూర్తికాని సిరీస్ అసలు మొదలుపెట్టాలా, వద్దా? ఒక్క ముక్కలో చెప్పండి.
- సీతమ్మధార

జవాబు: కనీసం ఒక భాగమైనా తనంతట తాను నిలబడే కథ అయితే పెట్టండి. లేకపోతే ఆగండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు మాస్టారిని. మా మనవడు ఏదో ఇంగ్లీషు కథ రచయిత పోతే వేరొకరు పూర్తి చేశారని, అది 'ఒరిజినల్' కాదని చదవనంటున్నాడు. ఒకరు మొదలుపెట్టింది మరొకరు ముగించడం తప్పా?
- భీమునిపట్నం

జవాబు: మాస్టారూ, మీకు నేను చెప్పేదేముంది, మీ మనవడి కోసం రాస్తున్నాను. మన భారతం అలాగే కదా పూర్తయింది. 11వ శతాబ్దంలో నన్నయ గారు ఆది, సభా పర్వాలు ముగించి అరణ్యపర్వం నడుమ ఆగిపోయారు. 13వ శతాబ్దంలో తిక్కన గారు ఆ వెలితిని అలాగే ఉంచి, విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాశారు. అంటే తెలుగువాళ్ళ చేతిలో ముగింపు ఉంది, మధ్యలో మాత్రం ఖాళీ ఉంది. దాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన గారు నింపారు. నన్నయ గారు శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగితే, ఎర్రన గారు శరత్కాలపు ఉదయంతో అందుకున్నారు. అంకితం కూడా తన కాలపు రాజుకు కాకుండా రాజరాజనరేంద్రుడికే ఇచ్చారు, ఆ భాగం నన్నయ గారే రాసినట్టుగా. అంత వినయంతో రాసినదాన్ని 'ఒరిజినల్ కాదు' అని పక్కన పెడతామా? ఆ అబ్బాయిని కూర్చోబెట్టి ఆ రెండు పద్యాలూ మీ గొంతుతో చదివి వినిపించండి. అతుకు ఎక్కడుందో వాడినే చెప్పమనండి.

హిందీలో 'భూత్‌నాథ్' నవల పూర్తికాకుండానే దేవకీనందన్ ఖత్రీ 1913లో పోతే, కొడుకు దుర్గాప్రసాద్ ఖత్రీ దాన్ని పూర్తి చేశారు. అయితే దీనికి అవతలి పక్క కూడా ఉంది. టెర్రీ ప్రాచెట్ అనే ఇంగ్లీషు ఫాంటసీ రచయిత తను పోయాక మిగిలిన రచనలు ఎవరూ ముట్టుకోకూడదన్నారు. ఆయన కోరిక ప్రకారం 2017లో ఆ రచనలున్న హార్డ్ డిస్కును రోడ్డు రోలర్ కింద పెట్టి తొక్కించేశారు. ఆయన పాఠకులు ఎవరూ మధ్యలో చిక్కుకుపోలేదు, ఆయన 'డిస్క్‌వరల్డ్' వరసలోని 41 నవలల్లో దాదాపు అన్నీ దేనికది ముగిసే కథలే. రాసినవాళ్ళ ఇష్టం ఏమిటన్నదే నాకు ముఖ్యం. వాళ్ళు సరేనంటే రెండో చెయ్యి పడడంలో తప్పు లేదు, వద్దంటే ఆ కాగితాలు తెరవకూడదు.

ప్రశ్న: ఆంటీ, నేను ఫోన్ యాప్‌లో తెలుగు ఫాంటసీ సీరియల్ రాస్తున్నాను. నూటయాభై ఎపిసోడ్లు దాటింది. మొదట్లో మెచ్చుకున్నవాళ్ళే ఇప్పుడు 'ఎప్పుడు ముగిస్తారు' అని తిడుతున్నారు. ముగిస్తే చదివేవాళ్ళు తగ్గిపోతారని భయం. నిజం చెప్పాలంటే ఎలా ముగించాలో కూడా తెలియడం లేదు. టెన్షన్‌గా ఉంది.
- మధురవాడ

జవాబు: తిడుతున్నారంటే ఇంకా చదువుతున్నారన్నమాట, ముందు ఆ ధైర్యం తెచ్చుకో తల్లీ. ఎపిసోడ్‌కి ఇంత అని డబ్బు వచ్చేచోట సాగదీయాలనిపించడం సహజం. కానీ మా షాపులో నేను చూసింది చెబుతాను. ముగింపు బాగున్న సీరియల్ బైండు మళ్ళీ మళ్ళీ అద్దెకు పోయేది, అట్ట ఊడిపోయి మళ్ళీ కుట్టించేవాళ్ళం. మధ్యలో చప్పబడినవి దుమ్ము పట్టేవి, రాసినవాళ్ళు ఎంత పేరున్నవాళ్ళయినా సరే.

ఈ వారం కొత్త ఎపిసోడ్ పెట్టకు. మొదటి నుంచి నీ కథ నువ్వే చదువుకుని, పాఠకులకు నువ్వు బాకీపడ్డవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకో: ఆ ఉంగరం ఎవరిది, తప్పిపోయిన అన్న ఏమయ్యాడు, శాపం ఎలా తీరుతుంది. అన్నీ తీర్చక్కరలేదు. ఏవి తీరకపోతే నీకే నిద్రపట్టదో వాటి కింద గీత గియ్యి. ఇక కొత్త మనిషిని గానీ, కొత్త రాజ్యాన్ని గానీ తీసుకురాకు. చనిపోయినవాళ్ళను లేపకు. తర్వాత చివరి సన్నివేశం రాసెయ్, బాగా రాకపోయినా ఫర్వాలేదు. అది చేతిలో ఉంటే మిగతా ఎపిసోడ్లు ఎటు నడవాలో తెలుస్తుంది.

అప్పుడు యాప్‌లో చెప్పెయ్: ఇంకా ఇన్ని ఎపిసోడ్లు, ఈ నెలలో సమాప్తం అని. అన్న మాట మీద నిలబడు. రెండు ఎపిసోడ్లు ఎక్కువైతే ముందే చెప్పు, ఎవరూ ఏమీ అనరు. తర్వాతి కథకు వాళ్ళే ముందుగా వస్తారు. నీ సీరియల్ పేరు ఉత్తరంలో రాయలేదు. చివరి ఎపిసోడ్ పెట్టాక ఆ పేరు నాకు రాయి, మొదటి నుంచీ చదువుతాను.