పెడల్ మార్చేముందు బండి కింద పడుకో

అల్లుడూ శ్రీనూ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది సగం వినబడింది, మిగతా సగం మీ అమ్మ మధ్యలో దూరి మింగేసింది. అందుకే తీరిగ్గా రాస్తున్నా. ఖాళీ పికప్ బండి బాగానే పరిగెడుతోంది. మామిడికాయ ఎక్కించి నూజివీడులో బయల్దేరితే ఆగిరిపల్లి దాటేసరికి యాక్సిలరేటర్ తొక్కినా అందుకోవడం లేదు, ఒక్కోసారి ఇంజన్ లైటు వెలిగి గుంజుడే ఆగిపోతోంది. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తోంది. ఇదే కదా? పెడల్‌కి ఏదో బాక్సు తగిలిస్తే పికప్ పెరుగుతుందని ఎవరో కుర్రాడు చెప్పాడన్నావు. ఆ డబ్బులు అప్పుడే జేబులోంచి తియ్యకు.

మా రోజుల్లో యాక్సిలరేటర్‌కి కేబుల్ ఉండేది. తొక్కితే కేబుల్ లాగేది, పంపు డీజిల్ పోసేది. ఇప్పుడు నీ పెడల్ పక్కన చిన్న డబ్బీలో రెండు సెన్సర్లుంటాయి. ఈసీఎం, అంటే ఇంజన్ని నడిపే కంప్యూటర్, వాటికి 5 వోల్టులు ఇస్తుంది. నువ్వు ఎంత తొక్కావో ఆ రెండూ విడివిడిగా దానికి చెబుతాయి. చాలా బండ్లలో ఒకటి చూపించే వోల్టేజిలో రెండోది సగం చూపించాలి. కాలు తీసినప్పుడు ఒకటి 0.75 దగ్గరుంటే రెండోది 0.37 దగ్గర ఉండాలన్నమాట. ఆ లెక్క తప్పిందంటే ఈసీఎం ఇద్దరినీ నమ్మదు. బండి దానంతటదే దూసుకుపోకుండా డీజిల్ తగ్గించేసి, మెల్లగా పక్కకి చేరుకోమంటుంది. స్కానర్‌లో పి2138 అనే లోపం కోడు వచ్చేది ఇలాంటప్పుడే. ఆ నంబరు చూడగానే పెడల్ మార్చేసేవాళ్ళే ఎక్కువ. మొత్తం వ్యవహారం 5 వోల్టుల్లోనే కదా, దారిలో ఒక వైరు పావు వోల్టు తినేసినా లెక్క తప్పుతుంది. పెడల్ పాపం ఏం చేస్తుంది?

ఆ బాక్సు సంగతి కూడా విను. అది ఇంజన్‌కి ఒక్క గుర్రం బలం కూడా కలపదు. నువ్వు 30 శాతం తొక్కితే 50 తొక్కావని ఈసీఎంకి అబద్ధం చెబుతుంది, అంతే. ఖాళీ రోడ్డు మీద సరదాగానే ఉంటుంది. గుంటల్లో కాలు అదిరినప్పుడల్లా బండి ముందుకు దూకి, వెనక ట్రేలు ఒకదాని మీద ఒకటి పడితే ఆ సరదా తీరుతుంది. పైగా, అసలే అనుమానంగా ఉన్న లైన్లో ఇంకో రెండు కనెక్టర్లు ఇరికించినట్టు.

నా తప్పు ఒకటి చెబుతాను. ఆటోనగర్‌లో షాపు నడిపే రోజుల్లో కొబ్బరికాయల బండి ఒకటి వచ్చింది. అచ్చం నీ కంప్లయింటే. షెడ్డులో ఖాళీగా నిలబెట్టి ఎంత చూసినా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పెడల్ మార్పించాను. వారం తిరక్కుండా అతను మళ్ళీ వచ్చాడు, ఈసారి లోడుతో. కాయ దించి చూద్దామన్నాను. టైము లేదన్నాడు. లోడుతోనే టార్చి పట్టుకుని కింద దూరాను. కొత్తగా వేయించిన క్యారియర్ బోల్టు ఒకటి నట్టు దాటి అంగుళం బయటికి పొడుచుకొచ్చి ఉంది. వైరింగ్ కట్ట సరిగ్గా దాని మీదే ఆనుతోంది. ఫ్లెక్సిబుల్ పైపు అరిగి, లోపల తొక్క కూడా పోయి, రాగి పోగులు మూడో నాలుగో తళుక్కుమంటున్నాయి. ఖాళీగా ఉంటే బోల్టుకీ వైరుకీ మధ్య వేలు దూరుతుంది. లోడు పడితే తగులుతుంది. బోల్టు కోయించి, వైరు అతికి, కొత్త క్లిప్పు వేస్తే అయిపోయింది. పెడల్ డబ్బులు తిరిగిచ్చేశాను. ఇవ్వకపోతే నిద్ర పట్టేది కాదు.

నీ బండికి ఏమేం చేయించావో గుర్తు చేసుకో. వెనక స్ప్రింగ్ కట్ట ఒకటి అదనంగా వేయించావు, బాడీ ఎత్తు పెంచావు, ముందు రెండు లైట్లు పెట్టావు, మ్యూజిక్, ఫ్యాను. చేతులు పడ్డ ప్రతి చోటా వైరు ఎలా ఉందో చూడు. పీకిన క్లిప్పు మళ్ళీ పెట్టారా? రేకులోంచి వైరు దూరేచోట రబ్బరు ఉందా? ఎత్తు పెంచాక టెయిల్ లైటు వైరు వీణ తీగలా బిగిసిందా? టేపు చుట్టిన జాయింట్ కనిపిస్తే విప్పు. ఇంజన్ వేడికి టేపు జిగురు కారిపోయి, లోపల రాగికి పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. అక్కడ కోసి, కొసలు రెండూ లోహపు గొట్టంలో నొక్కి (క్రింప్ కొట్టి), పైన స్లీవ్ వేయించు. ఇంజన్ ఆన్‌లో ఉంచి వైరింగ్ కట్టని జానెడు జానెడుగా కదుపుతూ పో. ఎక్కడ ఇంజన్ తడబడితే అక్కడే దొంగ. కాయ కింద వరిగడ్డి పరుస్తావు కదా, ఎలుకలు కొరికిన గుర్తులు కూడా చూడు.

లైట్లు 100 వాట్లవన్నావు. ఒక్కోటి 8 ఆంపియర్ల పైనే లాగుతుంది, రెండూ కలిస్తే 16 దాటుతుంది. దాన్ని పాత స్విచ్ మీదుగా నడిపితే స్విచ్ కరుగుతుంది. రిలే వేయించు, స్విచ్ దాన్ని కదిలిస్తే చాలు, పెద్ద కరెంటు దాని గుండానే పోతుంది. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి జానెడు లోపలే 20 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. లైట్ల ఎర్త్ (మైనస్) వైరు ఈసీఎం ఎర్త్ బోల్టుకే బిగించి ఉంటే విడదీసి వేరేచోట వేయించు. ఆ బోల్టు వదులైతే ఇంజన్ పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. లైట్లూ ఫ్యానూ వేసి, ఇంజన్ నడుస్తుండగా వోల్టు మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకోటి ఇంజన్ దిమ్మకి పెట్టు. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ పట్టీ విప్పి రంగూ తుప్పూ గీకి బిగించు.

బాడీ కట్టినప్పుడు వెల్డింగ్ చేశారు కదా, బ్యాటరీ మైనస్ విప్పారా అని ఆ మేస్త్రీని అడుగు. నీళ్ళు నములుతాడు. ఇకమీదట నువ్వే దగ్గరుండి విప్పించు, లేకపోతే ఈసీఎం మీదికొస్తుంది.

నల్లపొగ కూడా వస్తుంటే మాత్రం ముందు టర్బో నుంచి ఇంజన్‌కి గాలి తీసుకెళ్ళే పైపు చిరిగిందేమో చూడు.

బంపర్ ముందు బుల్ బార్, అదే ఇనప గార్డు, కూడా పెడదామనుకుంటున్నావని అక్క చెప్పింది. వద్దు. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని ఆపమని రాష్ట్రాలకు రాసింది. కంపెనీ స్పెసిఫికేషన్ దాటి బండి మార్చకూడదని చట్టంలో 52వ సెక్షన్ ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. పెంచిన బాడీ గురించి ఆర్టీఓ ఆఫీసులో అడిగి కాగితాలు సరిచేసుకో.

ఆదివారం నున్న మార్కెట్‌కి వచ్చేటప్పుడు కాయ దించకముందే ఇటు రా. ఖాళీ బండి తెచ్చి చూడమంటే నాకేమీ కనబడదు. తెల్లవారుజామున నాలుగింటికైనా ఫర్వాలేదు, టార్చి నా దగ్గరుంది. పైనున్న ట్రేల్లో చిన్న రసాలుంటే ఒకటి మీ అత్తయ్యకి తీసిపెట్టు.

మీ మామయ్య